కొట్టం మూలన లంకెబిందెలు

పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కొత్తల్లో, ఎనభైల మొదట్లో, బోరింగు దగ్గర నీళ్లకు నిలబడితే ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టి ఒకటే మాట అడిగేవాళ్లు.

"మీ కొట్టంల బిందెలున్నయంట గదా. సూసినవా?"

నేను నీళ్ల బిందెలనుకున్నాను. "మాకు రెండే ఉన్నయ్. ఒకటి సొట్ట పోయింది" అన్నాను. వాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత ఒకామె జాలిపడి విడమరిచి చెప్పింది. అవి నీళ్ల బిందెలు కావట, లంకెబిందెలు. గొలుసుతో ఒకదానికొకటి కట్టిన ఇత్తడి బిందెలు, నిండా బంగారం. మా అత్తగారింటి పశువుల కొట్టంలో, ఓ మూలన, భూమిలో ఉన్నాయట. వాటికి పాము కాపలా ఉందట.

ఆ ఇంటి కోడలిని నేను. నాకు తప్ప ఊరందరికీ ఆ సంగతి తెలుసు. ఆ రోజు ఇంటికి రాగానే బిందె దించి, కొట్టం వైపు చూడటానికే భయపడి వంటింట్లో కూర్చున్నాను.

మా ఊరు పటాన్‌చెరు నుంచి భానూరు వైపు వెళ్లే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. మట్టిగోడల పెంకుటిల్లు, వెనక కొట్టం, అందులో బర్రెలు, ఒక ఎడ్లజత. ఇంట్లో నలుగురం. మామగారు నేను రాకముందే పోయారు. మా ఆయన మందులు తయారుచేసే ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీకి వెళ్లేవాడు. మరిది పొలం చూసుకునేవాడు. పెత్తనమంతా అత్తమ్మది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పనికి మాత్రం ముందుండేది.

ఆ మూల సంగతి ఆమెనే అడిగాను. ఆమె చింతపండు పిసుకుతూ తల ఎత్తకుండానే, "ఉన్నయ్. దాని దిక్కు పోకు. పాముంది" అంది. అంతే. ఇంకేం అడగబుద్ధి కాలేదు.

కొట్టంలో ఎక్కడైనా గుంజ పాతవచ్చు, ఆ మూలన మాత్రం వద్దు. అక్కడ పశువును కట్టకూడదు, పేడకుప్ప పోయకూడదు. అమావాస్యకు పొద్దుగూకే వేళ అత్తమ్మ అక్కడ నీళ్లు చల్లి, చిన్న చిప్పలో పాలు పెట్టి వచ్చేది. పాముకని మేమందరం అనుకునేవాళ్లం. తెల్లారేసరికి చిప్ప ఖాళీగా ఉండేది. మా పక్కింటి పిల్లి గోడ మీద కూర్చుని మూతి నాక్కోవడం నేను చూశాను. అయినా పాము సంగతి నమ్ముతూనే ఉన్నాను.

ఆ చుట్టుపక్కల అలాంటి కథ లేని ఊరు లేదు. గుమ్మడిదల వైపు ఒక గుట్ట మీద బండకు గుర్తులున్నాయనీ, ఆ గుర్తులు చదవగలిగినవాడికి ధనం దొరుకుతుందనీ అనేవాళ్లు. కంది దగ్గర ఎవరికో నాగలి మొనకు గొలుసు తగిలిందనీ, అతను ఎడ్లను విప్పి ఇంటికి పోయి వచ్చేలోగా గొలుసు భూమిలోకి జారిపోయిందనీ చెప్పేవాళ్లు. మా ఊళ్లోనే ఒకాయన ఉన్నట్టుండి స్లాబు ఇల్లు కట్టాడు. కంపెనీకి భూమి అమ్మి కట్టానని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు. బిందెలు దొరికాయనే అన్నారు.

ఆ కథల్లో నన్ను బాగా భయపెట్టింది ఒకటుంది. భూమిలోని ధనం మనిషిలాగా మాట్లాడుతుందట. ఇంటివాళ్లకు కలలో కనబడి, "వస్త, నీ పెద్దకొడుకునిస్తవా?" అని అడుగుతుందట. ఇస్తామన్న ఇంటికి వస్తుంది, లేకపోతే కిందికి దిగిపోతుంది. మా పెద్దబాబు పుట్టిన ఏడాది ఆ మాటకు భయపడి వాడిని ఎత్తుకుని కొట్టం గడప తొక్కేదాన్ని కాదు.

మా మరిది సంగతి వేరు. అతను ఆ బంగారం మీదే పెరిగాడు. చిన్నప్పటి నుంచి ఊరంతా "నీకేందిరా, మీ కొట్టం కింద ఉన్నది" అంటుంటే విని విని, కష్టపడటం అన్నది తాత్కాలికమన్నట్టు ఉండేవాడు. మా ఆయన రెండుసార్లు కంపెనీలో పెట్టించాడు. రెండుసార్లూ మానేసి వచ్చాడు. "గా గ్యాసు నేను పీల్వ. మనకేం తక్కువ?" అనేవాడు.

అత్తమ్మ మరిదిని "చిన్నోడా" అని పిలిచేది. మా ఆయన్ని మాత్రం "నడిపోడా" అనేది. ఇద్దరే అన్నదమ్ములు, ఈయన పెద్దవాడు. మరి నడిపివాడు ఎలా అవుతాడని నేను ఒకసారి మా ఆయన్ని అడిగాను. "ఏమో. అవ్వకు అలవాటు. చిన్నప్పటి సంది గట్లనే అంటది" అన్నాడు. అంతటితో వదిలేశాం.

తొంభైలు వచ్చేసరికి ఊరు మారింది. వాగులో నీళ్లు ఒక రోజు ఎర్రగా, ఒక రోజు పచ్చగా వచ్చేవి. ఒక వేసవిలో ఆ నీళ్లు తాగి మా బర్రెలు నురుగులు కక్కుకుని చచ్చిపోయాయి. ఆ తర్వాత ఎడ్లను అమ్మేశాం. కొట్టం ఖాళీ అయింది. అదే సమయంలో కంపెనీల్లో పనికి బీహారు నుంచి, ఒరిస్సా నుంచి మనుషులు గుంపులుగా వస్తుండేవాళ్లు. ఉండటానికి గది దొరక్క బస్టాండు దగ్గర సంచుల మీద కూర్చునేవాళ్లు. ఊళ్లో అందరూ పశువుల కొట్టాలు పీకేసి, రేకుల గదులు వేసి కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టారు.

మరిది అదే అన్నాడు. అత్తమ్మ ఒప్పుకుంది, కానీ ఆ మూల వదిలేయమంది.

"మూల ఇడిస్తే గోడ ఎట్ల లేస్తది అవ్వా? వరుస కుదరది."

"కుదరకపోతే కట్టకు."

"ఉన్నదేందో తీసుకుందం. ఇంకెంత కాలం దాసుకుంటం?"

"నేను పోయినంక నీ ఇష్టం. నేను బతికున్నన్ని రోజులు ఆడ పలుగు పడొద్దు" అంది. ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

ఆ ఎండాకాలంలో గుమ్మడిదలలో ఆమె తమ్ముడి మనవడికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారని కబురొచ్చింది. అత్తమ్మ ముందురోజే వెళ్లింది. మా ఆయన పొద్దుటి షిఫ్టుకు పోయాడు. నేను బియ్యం కడుగుతుంటే మరిది గడ్డపార, పార తీసుకుని వెనక్కి పోతూ, "వదినె, ఇయ్యాల తేల్చేస్త" అన్నాడు.

"అత్తమ్మ వచ్చినంక అడిగి..." అన్నాను.

"అవ్వ ఎప్పుడన్న ఒప్పుకుంటదా? తీసి ముంగట వెడితే తనే సంబురపడ్తది."

పాము అన్నాను. కొబ్బరికాయ కొడ్త అన్నాడు. నిజంగానే కొట్టాడు. పసుపు నీళ్లు చల్లాడు, దండం పెట్టుకున్నాడు. తవ్వడం మొదలుపెట్టాడు. నేను కొట్టం గడప దగ్గర నిలబడిపోయాను. అక్కడి నుంచి పోవాలనీ ఉంది, చూడాలనీ ఉంది.

మోకాలి లోతు కూడా పోలేదు. పార అంచుకు ఏదో తగిలి 'టక్' మంది. మరిది పార పక్కన పడేసి చేతులతో మట్టి తీశాడు. కుండ. ఇత్తడిది కాదు, మట్టిది, జొన్నలు పోసుకునే రకం. మూతికి మూకుడు బోర్లించి, చుట్టూ సున్నం మెత్తారు. గొలుసు లేదు. రెండో కుండ లేదు. మరిది నా వైపు చూసి నవ్వాడు. అతని ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మూకుడు ఊడి వచ్చింది. అతను చేయి లోపల పెట్టాడు. ముందు చీకిపోయిన గుడ్డ వచ్చింది, వేళ్ల మధ్యనే పొడి అయిపోయింది. తర్వాత నల్లబడిన సన్నని వెండి మొలతాడు వచ్చింది. నా చిటికెన వేలి గోరంత గజ్జె ఒకటి దానికి వేలాడుతోంది. "ఎండి" అన్నాడు మరిది. మళ్లీ చేయి పెట్టాడు. ఈసారి తీసి చూసుకుని, కింద పెట్టలేక, పట్టుకోలేక, అలాగే అరచేయి చాపుకుని ఉండిపోయాడు.

కోడి ఎముకలేమో అనుకున్నాను. కుండలోకి తొంగి చూశాను. లోపల చిన్న పుర్రె ఉంది. బత్తాయి కంటే కాస్త పెద్దది, అంతే.

నేను అరవలేదు. అరిచానని తర్వాత అందరూ అన్నారు కానీ, అరిచింది గోడ మీంచి చూస్తున్న పక్కింటామె. కొబ్బరికాయ చప్పుడు విని ఆమె అప్పటికే గోడ దగ్గరకు వచ్చి నిలబడిందని మాకు తెలియదు. కాసేపట్లో కొట్టం నిండిపోయింది. గుంపులోంచి ఒక మాట వినబడింది. అది ఎవరన్నారో ఈ రోజుకీ తెలియదు.

"బలి ఇచ్చిండ్రు."

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పోయింది. ధనం పెద్దకొడుకునడిగింది, వీళ్లు ఇచ్చారు. బోరింగు దగ్గర నాతో నవ్వులాడిన ఆడవాళ్లే నన్ను చూసి పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. పదేళ్లకు పైగా ఆ ఊళ్లో బతికాను. ఒక్క పూటలో ఆ చూపులు అలా మారతాయని నేను కలలో కూడా అనుకోలేదు. మా పెద్దబాబు బడి నుంచి వస్తే వాడిని కొంగు చాటున పెట్టుకుని గుంపు దాటించి లోపలికి తెచ్చుకున్నాను.

ఎవరో ఠాణాకు చెప్పారు. మధ్యాహ్నానికి జీపు వచ్చింది. ఎస్సై చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. కుండను వాకిట్లో, ఎండలో పెట్టించాడు. కంపెనీ నుంచి మా ఆయన్ని పిలిపించారు. డ్యూటీ బట్టలతోనే వచ్చి, కుండలోకి చూసి, "ఇది మా ఇంట్ల ఎందుకుంటది?" అని పిచ్చివాడిలా మళ్లీ మళ్లీ అడిగాడు. ఎవరిని అడుగుతున్నాడో అతనికే తెలియదు.

అత్తమ్మ ఆ సాయంత్రం బస్సుకే దిగింది. చేతిలో ఫంక్షన్లో ఇచ్చిన అరిసెల సంచి ఉంది. వాకిట్లో జనాన్ని చూసింది, జీపును చూసింది, కుండను చూసింది. సంచి అరుగు మీద పెట్టింది. తొందరపడలేదు. జనం తామే దారి ఇచ్చారు. కుండ దగ్గరికి వచ్చి నిలబడి, "అటు జరుగుండ్రి" అంది. తర్వాత, "వాని మీద ఎండ వడ్తున్నది" అంది.

అంటూనే కింద కూర్చుని తన కొంగు తీసి కుండ మూతి మీద కప్పింది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది, అయినా అర్థం చేసుకోవడానికి మనసు ఒప్పలేదు. ఆ పాలచిప్ప కళ్ల ముందు ఆడింది.

ఎస్సై ఆమె పక్కనే గొంతుకూర్చున్నాడు. "పెద్దవ్వా, ఎవరీ పిల్లగాడు?"

"నా పెద్దకొడుకు" అంది అత్తమ్మ.

మా ఆయన అరుగు అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆమె ఏడవలేదు. పొలం సంగతి చెప్పినట్టే చెప్పింది. "నైజాం పోయే ముంగట గడబిడ రోజులు. దోపిడోళ్లు ఊరి మీద పడ్తున్నరని అందరు ఇండ్లు ఇడిసి జొన్నచేన్లల్ల దాక్కున్నరు. వీడు పాలు తాగే పోరడు. జరమొచ్చింది, ఒకటే ఏడుపు. చేన్ల ఏడిస్తే అందరి పానం మీదికొస్తదని మమ్ముల రావద్దన్నరు. తలుపులు బిగించుకొని ఇంట్లనే ఉంటిమి. ఏడుపు బయటికి ఇనరావద్దని రొమ్ముకు ఒత్తుకొని పండుకున్న. పొద్దుగాల్ల సూస్తే సల్లగున్నడు."

ఆ చివరి మాట దగ్గర ఆగింది. జ్వరంతో పోయాడా, లేక... ఆ అనుమానంతోనే ఆమె ఇన్నేళ్లూ బతికిందని అప్పుడు ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఎస్సై కూడా ఆ ప్రశ్న అడగలేదు.

"బయటికి పోయి పాతిపెట్టొచ్చే రోజులా? మా అత్త జొన్నల కుండ కాళీ జేసి ఇచ్చింది. మీ మామ కొట్టంల తవ్విండు" అని నా వైపు చూసి చెప్పింది. "అందరు మల్ల ఊర్లెకొచ్చినంక, పోరడేడని అడిగితే గట్టుకు పాతిపెట్టొచ్చినమని చెప్పినం. కొత్త మన్ను జూసి ఏం దాసిండ్రే అన్నరు. అప్పుడు అందరు ఎండి బంగారాలు పాతుకున్నోళ్లే. మా అత్త బంగారమన్నది. ఇంట్ల పిల్లగాన్ని పెట్టుకున్నమంటే ఎవ్వలన్న గడప తొక్కుదురా?"

"మరి పాము?" అన్నాడు ఎస్సై.

"పాము నేనే చెప్పిన. బంగారమంటే తవ్వబుద్దయితది గదా."

గుంపులో వెనక నిలబడిన ఒక ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన ఆ చేన్లో దాక్కున్నవాళ్లలో ఒకడు. "నిజమే సారూ. గామెకు తొలుసూరు కొడుకు ఉండె. రావద్దన్నది మా నాయినే" అన్నాడు. అత్తమ్మ ఆయన వైపు చూడలేదు.

కుండను సంగారెడ్డి ఆస్పత్రికి పంపించారు. కొన్నాళ్లకు డాక్టరు ఇవి చాలా పాత ఎముకలని చెప్పాక తిరిగి ఇచ్చేశారు. ఆ కొన్నాళ్లూ అత్తమ్మ తిండి తినలేదని చెప్పలేను. తిన్నది, పని చేసింది. కానీ రోజూ పొద్దున లేచి కొట్టంలోకి పోయి, ఖాళీ గుంత చూసి వచ్చేది.

మరిది మాత్రం మంచం పట్టాడు. జ్వరం తగ్గిన రోజు తల్లిని అడిగాడు. నేను అక్కడే పొయ్యి దగ్గర ఉన్నాను.

"నాతోనన్న చెప్పకపోతివేందవ్వా? నలభై ఏండ్లకొస్తున్న. గా బంగారం మీద పానం పెట్టుకొని ఏ పని జెయ్యకపోతి."

"చెప్తే నువ్వు ఈ ఇంట్ల పండుకుందువా? నీళ్లు తాగుదువా?"

"పండుకోకపోతుంటి. ఏడనన్న పోయి బతుకుతుంటి."

అత్తమ్మ, "ఒక్కన్ని కాపాడుకుందమని నిన్ను కరాబు జేసిన" అంది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా ఆయన సంగతి ఇంకోలా అయింది. నలభై ఏళ్లు దాటిన మనిషి, ఇంటికి పెద్దకొడుకునని తండ్రికి కొరివి పెట్టినవాడు. "గందుకా నన్ను నడిపోడంటున్నది" అని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు తల్లి పిలిస్తే పలికే ముందు ఒక్క క్షణం ఆగేవాడు.

కుండ తిరిగి వచ్చాక ఎక్కడ పెట్టాలన్నది మరిదే తేల్చాడు. పొలంలో అన్నాడు మా ఆయన. వాగు నీళ్లు వాసన కొడుతున్నాయి, అక్కడ వద్దంది అత్తమ్మ. "తీసిన కాడనే పెడ్దం" అన్నాడు మరిది. తనే గుంత సరిచేశాడు. ఈసారి పట్టపగలు, ఇంటిల్లిపాదీ నిలబడి, పాలు పోసి పెట్టాం. గదులు కట్టారు కానీ ఆ మూల వదిలేసి కట్టారు. ఊరివాళ్లు ఎవరూ కిరాయికి రాలేదు. ఒరిస్సా నుంచి వచ్చినవాళ్లు వచ్చారు. వాళ్లకు సంగతంతా చెప్పే ఇచ్చాం. ఒకామె విని, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

మరిది ఆ గదుల కిరాయి మీద పాత ఆటో ఒకటి కొన్నాడు. దాంతో ఊళ్లో మళ్లీ మొదలైంది. బంగారం దొరికిందనీ, దాన్ని దాచడానికే ఎముకల కుండ చూపించారనీ అన్నారు. ఆ వాకిట్లో నిలబడి అత్తమ్మ మాటలు చెవులారా విన్నవాళ్లే అన్నారు. అది నాకు కుండలో పుర్రె చూసినప్పటికంటే ఎక్కువ దెబ్బ.

రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు పటాన్‌చెరు నుంచి బస్సులో వస్తున్నాను. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఎవరో నాకు తెలియదు, మా ఇంటి కథ చెప్పుకుంటున్నారు. ఏడు బిందెలట. ధనం అడిగితే తల్లే తొలుసూరు కొడుకు గొంతు పిసికి ఇచ్చిందట. ఆ ముసల్ది ఇంకా బతికే ఉందట. చెప్పేది ఎంత నమ్మకంగా చెప్పిందంటే, వింటున్నామె చేతులు జోడించి కళ్లు మూసుకుంది. నేను వాళ్ల భుజం తట్టి, "ఆ ఇల్లు మాదే. బంగారం లేదు. జరమొచ్చి పోయిన పిల్లగాడు" అన్నాను. ఇద్దరూ నా ముఖం చూడలేదు. నా మెడ వైపు, చెవుల వైపు చూశారు.

ఇంటికి వచ్చి ఆ మాట అత్తమ్మ చెవిన పడకూడదనుకున్నాను. కాళ్లు కడుక్కుని, ఆమె పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. రాళ్లకు బదులు బియ్యమే ఏరి పారేస్తున్నానేమో, ఆమె చాట తన వైపు లాక్కుంది.

"ఏమన్నరు?" అంది.

"ఎవరు?"

"గొంతు పిసికిన్నని అన్నరా?"

ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు.

"మొదట్ల బంగారమని మేమే చెప్తిమి. పామని నేనే చెప్తిని. ఇగ వాళ్లు చెప్పుకునేది ఎట్ల ఆపుత?" అంది. బియ్యం చెరుగుతూనే ఉంది. కాసేపటికి, అడగకుండానే, ఆ పిల్లవాడికి ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదనీ, పాలు తాగేటప్పుడు ఆమె పుస్తెలతాడు పట్టుకునేవాడనీ చెప్పింది. అంతకుముందు వాడి గురించి ఆమె నాతో ఒక్క మాట చెప్పలేదు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా చెప్తూనే ఉంది. నేను పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయి వింటూ కూర్చున్నాను.